కిటికీలు తెరిచాను

ఉజిత్సె, మార్చి 9

అమ్మా స్లావిత్సా, నీ కూతురు నెవెనా కులాసా. ముందు ఆ మాట విని కుదుటపడు.

ఎదురెదురు కిటికీలు తెరిస్తే ఆ గాలికి మెడ పట్టేసి మంచాన పడతామని నలభై ఏళ్లుగా అందరినీ తిట్టినదాన్ని. నెవెనా దగ్గుకు దుమ్మూ, మూసిన కిటికీలూ కారణమని డాక్టరమ్మ చెప్పిందని, పిల్ల మంచం పక్క గోడకు వేలాడే తివాచీ తీసి, మంచు మీద పరిచి బాదాను. తెల్లటి మంచు బూడిదరంగుకు తిరిగింది! ఇన్నాళ్లూ పిల్ల పీల్చింది ఇదా!

వారం నుంచి రోజూ పది నిమిషాలు కిటికీలన్నీ తెరిచి, టోపీ, మఫ్లర్‌తో కూర్చుంటున్నాను. నిన్న నెవెనా "అమ్మమ్మా, ఏ ఊరు పోతున్నావే?" అని పగలబడి నవ్వింది. ఎప్పుడూ నవ్వితే దగ్గు తెర వచ్చేది. నిన్న రాలేదు.

ఈకల దిండ్లు కూడా తీసేయాలా? రాయి. మీ నాన్న సిగరెట్ వీధిలోకి నడిచింది. పక్కింటావిడకు మాత్రం ఇవేవీ చెప్పకు, కిటికీలు తెరుస్తుందని ఆవిడనే అందరికన్నా ఎక్కువ తిట్టాను.

నిన్ను దేవుడు కాపాడుగాక. వచ్చేటప్పుడు శాలువా తెచ్చుకో, మనింట్లో ఇప్పుడు గాలి ఆడుతోంది.

మీ అమ్మ