మీ నాన్న గదికి తాళం

పెద్దోడా, నాకేం కాలేదు, గుండ్రాయిలా ఉన్నాను. పోస్ట్‌మాన్ చేత రాయిస్తున్నా. అతను మెత్తగా రాస్తాడేమో, నువ్వు గట్టిగా చదువుకో.

వానలు పోయి చలిగాలి తిరిగింది. తను పడవ పని మానేసిన సంగతే మీ నాన్న మరిచిపోయాడు. మొన్న రేవుకెళ్లి, తనదే అనుకుని పక్కింటివాడి పడవ కట్టు విప్పేశాడు. అది రాళ్లకు కొట్టుకుని ముక్కలైంది.

"అత్తా, మామను కట్టేసుకో" అన్నాడు వాడు.

"మీ అయ్య శవాన్ని సముద్రంలోంచి మోసుకొచ్చింది ఈ మామేరా!" అని కడిగేశాను.

అయినా కట్టాను. ఆయన వేళ్లు ఏ ముడినైనా విప్పేస్తాయి. అందుకే గదికి తాళం వేశాను.

నీ చిన్నదాని దగ్గు తగ్గిందా? చెవులకు గుడ్డ కట్టు.

"తలుపు తియ్యవే, సముద్రం పోటు దాటిపోతోంది" అని లోపల్నుంచి బతిమాలుతున్నాడు. ఎన్నడూ నన్ను బతిమాలని మనిషి. నువ్వొచ్చి తియ్యి. కోడలూ పిల్లా నా ఆయుష్షు కూడా పోసుకుని బతకాలి.

మీ అమ్మ