వానపాదం

కోమగానె,
జూలై 27

నాన్నగారికి,

తోమోయె నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అమ్మా, నేనూ, పక్క వీధిలో పెదనాన్నా ఒంట్లో కులాసాగానే ఉన్నాం. ఒంట్లో అని ఎందుకన్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది. ఈ ఏడు వానాకాలం మొక్కుబడిగా నాలుగు చినుకులు రాల్చి వెళ్ళిపోయింది. వరి మళ్ళ దగ్గర నీళ్ళ వంతుల కోసం రోజూ కేకలే. హొక్కైదోలో మీరు తవ్వే సొరంగం లోపల ఎండా వానా రెండూ ఉండవు కనుక మీరు క్షేమంగానే ఉన్నారని తలుస్తాను.

ఇంత రాసే బదులు ఫోన్ చేయొచ్చు కదా అని అమ్మ అంది. ఫోన్లో అయితే మీరు నవ్వేస్తారు. మీరు నవ్వితే నేను అనుకున్న మాట ఎక్కడో జారిపోతుంది. కాగితం మీద నన్ను మధ్యలో ఆపేవాళ్ళు లేరు.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. ఒబోన్ పండగ సెలవులకు మీరు వచ్చినప్పుడు కోమగతకె శిఖరం ఎక్కి అదే రోజు దిగి వచ్చేలా ఏర్పాట్లన్నీ నన్నే చూడమన్నారు. చూశాను. ఆగస్టు 14న వెళ్దాం. పండగ జనం కాబట్టి తొలి బస్సే ఎక్కాలి. ఆలస్యమైతే రోప్‌వే దగ్గర క్యూలోనే సగం పొద్దు పోతుంది. పెదనాన్న మోకాలు ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఆ సంగతి ఆయన ఒప్పుకోరు. అందుకని ఆయన్నే ముందు నడవమందాం. వెనక ఉంటే మనల్ని అందుకోవాలని పరిగెడతారు. స్టవ్ మోసుకెళ్ళక్కర్లేదు, కొండ గట్టు మీది సత్రంలో వేడి నూడుల్స్ దొరుకుతాయి. మీ పాత బూట్ల అడుగులు ఊడి వస్తున్నాయి. జిగురు రాసి సరిపెట్టుకోకుండా కొత్తవి కొనుక్కోండి. మధ్యాహ్నమయ్యేసరికి మబ్బులు కమ్ముతాయి కాబట్టి పన్నెండు లోపల శిఖరం చేరకపోతే ఎక్కడున్నామో అక్కణ్ణుంచే వెనక్కి. ఉరుము వినిపిస్తే వెనక్కి. గట్టు మీద గాలికి నిలబడలేకపోతే వెనక్కి. ఉత్త వానకు మాత్రం వెనక్కి రావక్కర్లేదు. ఇవన్నీ బడిలో కొండలెక్కే జట్టులో ఉన్నప్పుడు నేర్చుకున్నవి. వీటిలో మీతోనైనా బేరం లేదు.

ఇక మీ ఉత్తరంలో చివరి మాట.

"అమ్మను ఎప్పట్లాగే ఇంట్లో ఉండమను. ఆ ఒక్క రోజూ మాకు ఎండ కావాలి. హహ్హ!"

ఆ హహ్హ చూసి నాకు ఒళ్ళు మండిపోయింది నాన్నా. మీ ఉత్తరం ఎప్పట్లాగే భోజనాల దగ్గర పైకి చదువుతున్నాను. ముందుగా చూసుకుని ఉంటే ఆ వాక్యం మింగేసేదాన్ని. అమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అలాగే అని రాసెయ్, తలుపులు కూడా వేసుకుని కూర్చుంటాను" అంది. ఆ తర్వాత తొట్టి దగ్గరికి వెళ్ళి ఒకే గిన్నెను కడిగిందే కడిగింది. కుళాయి కట్టేసి వచ్చింది నేనే.

మీ పెళ్ళి రోజున కుండపోతగా వాన పడిందట. విందులో పెదనాన్న లేచి, "సముద్రం వైపు నుంచి కోడల్ని తెచ్చుకున్నాం, వెంట సముద్రం కూడా వచ్చేసింది, ఈ పిల్లది వానపాదం" అన్నారట. అందరూ నవ్వారట. ఆ వేసవిలో మీరు ముగ్గురూ కొండకి బయల్దేరితే బస్టాపులోనే వాన అందుకుందట. అంతే, రెండు వానలు. ఆ రెండు వానల మీద అమ్మకు ఇరవై ఏళ్ళ శిక్ష వేశారు. కొండకి గానీ, పూలు చూడ్డానికి గానీ, చివరికి నా ఆటల పోటీలకి గానీ అమ్మ రాలేదు. నేను పరిగెత్తి ఎన్నోదాన్నై వచ్చానో పెదనాన్న చెబితే వినేది.

మీకు తెలియనిది ఒకటి చెబుతాను. మనం కొండకి వెళ్ళే రోజున అమ్మ తెల్లవారక ముందే లేచి అన్నం ముద్దలు చేసి, ఊరేసిన ఉమె కాయలు పెట్టి, మూటలు కట్టి ఇస్తుంది కదా. మనల్ని సాగనంపడానికి గుమ్మం దాటి రాదు. ఎందుకో మీరెప్పుడైనా అడిగారా? నేను అడిగాను. "నేను బయట కాలు పెడితే మబ్బు పడుతుందేమోనని" అంది. మనం తిరిగొచ్చేదాకా పెరట్లోకి కూడా వెళ్ళదట. బట్టలు లోపలే ఆరేస్తుందట. మనం పైన ఎండలో కూర్చుని ఆ ముద్దలు తింటూ, "మా తమ్ముడు వాళ్ళావిణ్ణి ఇంట్లో వదిలేసి వచ్చాడు కాబట్టే ఈ ఆకాశం" అని పెదనాన్న అంటే నవ్వుకున్నాం.

సరదాకి అంటారు మీరందరూ. ఈమధ్య నాకు ఏ మాట చూసినా దాన్ని తిరగేసి చూడాలనిపిస్తోంది. ఈ సరదా అన్న మాటను చాలాసేపు తిరగేసి చూశాను. ఎవరికి సరదా? మర్నాడే వెళ్ళి పెదనాన్నను నిలదీశాను. ఆయన వసారాలో కూర్చుని బీరు తాగుతున్నారు.

"పెదనాన్నా, అమ్మ వల్ల వాన వస్తుందా?"

"ఛఛ, ఎవరన్నారే ఆ మాట? ఏదో సరదాకి అంటాం."

"అయితే ఈసారి అమ్మ కూడా వస్తుంది."

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "సరదా సరదాయే అనుకో. కానీ తల్లీ, మీ నాన్నకి దొరికేవి నాలుగు రోజులు. రిస్కు ఎందుకు చెప్పు?"

"అంటే నమ్ముతున్నారన్నమాట!"

"నమ్మడమేంటి? నేను చదువుకున్నవాణ్ణి. జాగ్రత్తపడడం వేరు, నమ్మడం వేరు."

చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే వచ్చేశాను. దారి పొడుగునా ఒంటరిగా తిడుతూ నడిచాను. ఇంటికి వచ్చి అమ్మతో చెప్పాను, "పద్నాలుగున నువ్వొస్తున్నావు" అని. రానంటే రానంది. పోనీ ముందుగా మనిద్దరమే వెళ్దామన్నాను. అప్పుడు అమ్మ ఒక షరతు పెట్టింది. ఆ షరతు రాయడానికి నా చెయ్యి రావడం లేదు, కానీ మీరు చదవాలి.

"వాన పడే రోజైతే వస్తాను తోమో. ఎటూ పాడైన రోజే కదా. నేను వస్తే ఎవరి రోజూ కొత్తగా పాడవదు."

ఇంతదాకా దాచిన సంగతి ఇదీ. మేమిద్దరం వెళ్ళి వచ్చాం నాన్నా. పోయిన ఆదివారం, మీకూ పెదనాన్నకూ చెప్పకుండా. వారమంతా రేడియోలో వాతావరణ వార్తలు వింటూ, వాళ్ళు చెప్పిన గాలి ఒత్తిడులన్నీ పటం మీద గీస్తూ, ఈ ఎండల్లో వాన కోసం వెతికాను. అందరూ ఎండ రోజు కోసం గీస్తారు. గాలి లేని, ఉరుము లేని, మెత్తటి వాన రోజు కోసం గీసింది నేనొక్కదాన్నే అయి ఉంటాను. దొరికింది. ఉత్తరపు సముద్రం మీద నుంచి ఒక బద్ధకపు అల్పపీడనం వచ్చింది. అమ్మకు అది వచ్చే దారి, రోజు, గంట అన్నీ పటం మీద ముందే చూపించాను. "నువ్వు ఇంకా వంటింట్లోనే ఉన్నావు, అది అప్పుడే బయల్దేరింది చూడు" అన్నాను. అమ్మ తలూపింది. నమ్మలేదు.

రోప్‌వేలో పక్కవాళ్ళకు తలవంచి, "ఏమీ అనుకోకండి" అంది. వాళ్ళకేమీ అర్థం కాలేదు. నిటారు దారిలో నాకన్నా నిదానంగా, నాకన్నా బాగా ఎక్కింది. మీ పాత రెయిన్‌కోటు చేతులు మడిచి వేసుకుంది. గట్టు మీది సత్రంలోకి వెళ్ళేసరికి నగోయా నుంచి వచ్చిన నలుగురు మగవాళ్ళు తడిసి ముద్దయి, ముఖాలు వేలాడేసుకుని కూర్చున్నారు. అమ్మ నేరుగా వాళ్ళ ముందుకు వెళ్ళి నడుం దాకా వంగింది.

"క్షమించండి. నాది వానపాదం. నేను వచ్చాను, అందుకే ఇలా అయింది."

వాళ్ళలో ఒకాయన నవ్వుతూ, "ఓహో, దొంగ దొరికింది!" అన్నాడు. అమ్మ మళ్ళీ వంగింది.

నాకు ఆయన మీద కోపం రాలేదు నాన్నా. ముక్కూ మొహం తెలియని మనుషులకు కూడా అమ్మ క్షమాపణ చెప్పేలా తయారు చేసింది ఎవరు? నేను నోరు తెరవబోతుంటే లోపలి నుంచి సత్రం ఆయన గరిటె పట్టుకుని పరుగున వచ్చాడు.

"ఎవరిది? వానపాదం ఎవరిది?"

"నాదేనండీ" అంది అమ్మ, ఇంకా వంగే.

"అక్కయ్యా, ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు మీరు? మేం తాగే నీళ్ళు ఈ పైకప్పు మీది నుంచి దిగాల్సినవే. తొట్టి అడుగు కనిపిస్తోంది. నిన్న వచ్చినవాళ్ళకి టీ కూడా లేదన్నాను. కూర్చోండి, కూర్చోండి. తొలి కెటిల్ మీకే."

"మరి మాకో?" అన్నాడు నగోయా ఆయన.

"మీరేం తెచ్చారు?" అన్నాడు సత్రం ఆయన.

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా. ముందరి పన్ను ఒకటి కొంచెం వంకరగా ఉంటుందని నేను ఆ రోజే సరిగ్గా చూశాను. సంతోషించాల్సింది పోయి నాకు ఇంకా మండింది. ఎవరో గరిటె పట్టుకున్న మనిషి ఒక్క నిమిషంలో ఇచ్చినదాన్ని మన ఇంట్లో ఇరవై ఏళ్ళలో ఎవ్వరం ఇవ్వలేదు.

బయటకి వచ్చాక అమ్మే అంది, "అతనూ సరదాకే అన్నాడులే. కానీ ఈ సరదా బాగుంది."

శిఖరం మీద చుట్టూ తెల్లగా పొగమంచు తప్ప ఏమీ లేదు. గుడి దగ్గర దణ్ణం పెట్టుకుని, "మన ఇల్లు ఎటు?" అని అడిగింది. చెయ్యి చాపి చూపించాను. ఆ తెలుపులోకి చాలాసేపు చూసింది. రెయిన్‌కోటు అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"రోజూ అక్కణ్ణుంచి ఇటు చూస్తుంటాను. ఇక్కణ్ణుంచి అటు చూడాలని ఉంది. వాన రోజు అయింది కదా తోమో, నాకు ఒక ఎండ రోజు కూడా కావాలి."

ఇన్నేళ్ళలో అమ్మ నోట కావాలి అన్న మాట నేను వినడం అదే మొదలు. తన కోసం ఉప్పు కూడా అడిగి వేసుకోదు కదా.

"నాన్నను అడుగుతానమ్మా" అన్నాను.

"అడగొద్దు" అంది. "చెప్పు."

అందుకని చెబుతున్నాను. పద్నాలుగున తొలి బస్సుకి అమ్మ వస్తుంది. ముద్దలు ముందు రోజు రాత్రే నేనూ మీరూ కలిసి చేస్తాం, అమ్మ పడుకుంటుంది. ఆ రోజు ఎండ కాస్తుందని నేను మాట ఇవ్వలేను. పటం గీస్తాను, అంతవరకే నా చేతిలో ఉంది. ఒకవేళ బస్టాపులో చినుకు పడితే పెదనాన్న నోరు తెరుస్తారు. తెరవకుండా ఉండడం ఆయన వల్ల కాదు. అప్పుడు నేను మాట్లాడను. అమ్మ మాట్లాడదు. మీరు ఆయనకు ఏం చెబుతారో వినడానికి మేమిద్దరం అక్కడ నిలబడి ఉంటాం.

ఒంట్లో జాగ్రత్త. రాత్రి పని ఉన్న రోజుల్లో చల్లటి అన్నం తినకండి.

ఇట్లు,
ఇంకా కోపం తగ్గని
మీ కూతురు,
తోమోయె