తొమ్మిది అడుగుల సందు

11 నవంబరు 1985, సోమవారం

ఇరవై అయిదు గజాల నుంచి పది కిక్కులు. అయిదు లోపల, అయిదు బయట. పోయిన ఏడాది ఇదే నెలలో పదిహేను గజాల నుంచి మూడే. మా పర్చూరు మిషన్ హైస్కూల్లో ఈ సంగతి విని సంతోషించే మనిషి లేరు కనక నాకు నేనే చెప్పుకుంటున్నాను. శభాష్ ప్రేమమ్మా.

13 నవంబరు

కొత్తగా చేరిన సోషల్ టీచరు కోటిరత్నం ఇవాళ గ్రౌండ్ వైపు చూసి, ఆ కర్రలేంటండీ, బట్టలారేసుకోటానికా అంది. ఆ పిల్లకి మొత్తం చెప్పాల్సొచ్చింది.

మిషన్ ఆస్పత్రి నర్సు దొరసాని అమెరికా వెళ్లిపోతూ నాకు రెండు ఇచ్చి వెళ్లింది. ఒలవని కొబ్బరికాయలా రెండు పక్కలా మొన ఉన్న బంతి, పాత మ్యాగజైన్ల కట్ట. వాళ్ల ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. ఒకళ్ల మీద ఒకళ్లు పడి దొర్లుతారు. దొర్లగా దొర్లగా చివరికి కిక్కర్ అని ఒకడొస్తాడు. నేల మీద నిలబెట్టిన బంతిని ఒక్క తన్ను తంతాడు. అది అడ్డకర్ర మీదుగా, రెండు నిలువు కర్రల మధ్య నుంచి పోవాలి. పోతే భుజాల మీద మోస్తారు, పోకపోతే వాడి మొహం ఎవరూ చూడరు. ఏడాదంతా పట్టించుకోకుండా ఆగస్టు పదిహేనుకి మాత్రం డ్రిల్లు టీచరేదీ అని నన్ను వెతుకుతారు కదా, అదీ వాడి బతుకు. అందుకే నాకు నచ్చాడు.

ఈ కిక్కర్లు ఏటేటా ముదురుతున్నారని మ్యాగజైన్లో రాశారు. ఒకప్పుడు పదికి అయిదు వేస్తే గొప్పట, ఇప్పుడు ఏడు వేస్తున్నారట. యాభై గజాల నుంచి కూడా తంతున్నారు, అక్కణ్ణుంచి మాత్రం సగమే పోతాయి. ఒకడైతే బూటు విప్పేసి, ఆ చలిలో ఉత్తకాలితో తంతాడు. ఆ ఫొటో చూసి ఎంతసేపు నవ్వుకున్నానో. ఉత్తకాలే అర్హతయితే మా ఊరు ఊరంతా సెలెక్టే.

అడ్డకర్ర ఎత్తు పదడుగులని ఉంది, వెడల్పు ఎంతో లేదు. లెక్కల మాస్టారు చెంచురామయ్య గారు ఒక ఫొటో మీద స్కేలు పెట్టి కొలిచి, సరూప త్రిభుజాలు వేసి, తొమ్మిది అడుగులని తేల్చారు. సరుగుడు బాదులు తెప్పించి అలాగే పాతించాను.

అంతా విని కోటిరత్నం, చీరతోనేనా అంది. కచ్చ పోసి అన్నాను.

29 నవంబరు

ఆరు. బంతి నిలబెట్టి పట్టుకునేది మా స్కూలు ఆయా ఆదెమ్మ. పైన ఒక్క వేలు ఆనించాలి. ఈ వేలు పోతే నాకు అన్నం మీరు కలిపి పెడతారా టీచరమ్మా అని రోజూ అడుగుతుంది. పెడతానని రోజూ చెబుతాను. రెండేళ్లలో ఆ వేలి గోరు కూడా విరగలేదు. అది నా గొప్పే.

14 డిసెంబరు

నాలుగు. గాలి ఎక్కువగా ఉంది అని రాసి కొట్టేశాను. నాలుగే.

9 జనవరి 1986

ఇవాళ స్టాఫ్ రూమ్‌లో నోరు జారాను.

ఫిబ్రవరి ఎనిమిదిన అమెరికా నుంచి మిషన్ వాళ్లు వస్తున్నారని హెడ్మాస్టరు యేసుపాదం గారు చెప్పారు. కోలాటం, దండలు, పాటలు. వాళ్లు వెళ్లగానే ఎప్పట్లా గ్రౌండ్‌లో మిరపకాయలు ఆరబోస్తారు. బండ్లకి అడ్డంగా ఉన్నాయి, ఈసారి ఆ బాదులు తీయించేద్దామమ్మా, ఎటూ ఎవరికీ ఉపయోగం లేనివే కదా అన్నారు. చెంచురామయ్య గారు కూడా నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. ఆ వచ్చేవాళ్ల ముందు పదికి ఏడు వేస్తాను, వేస్తే బాదులు ఉంటాయి, వేయకపోతే నా చేతులతో నేనే పీకేస్తాను అన్నాను. హెడ్మాస్టరు గారు కార్యక్రమం కాగితంలో కోలాటం కింద రాసుకున్నారు.

ఏడు నేను ఇంతవరకూ ఒక్కసారీ వేయలేదు.

30 జనవరి

ఆరు. ఆరు. అయిదు. ఆరు. మోకాలు వాచింది. ఆదెమ్మ ఆముదం రాస్తూ, రెండేళ్లు వేలు పెట్టింది నేను, నన్నడక్కుండా పందెం ఎట్టా కాశారు అని గట్టిగా అడిగింది.

8 ఫిబ్రవరి, ఉదయం 5

కాలు బాగుంది.

8 ఫిబ్రవరి, రాత్రి 8

గ్రౌండ్ చుట్టూ ఊరంతా ఉంది. ఓ మూల మిరపకాయలు అప్పుడే కుప్ప పోశారు. కచ్చ బిగించి చెప్పులు విప్పాను. ఆడవాళ్లలో కొందరు మూతి మీద చెయ్యి పెట్టుకున్నారు. పెట్టుకోనీ.

మొదటి మూడూ లోపల. నాలుగోది బాదుకి తగిలి బయటపడింది. అయిదు, ఆరు లోపల. ఏడోది పక్కకి చాలా దూరం పోయింది, అది నా తప్పు. ఎనిమిదోది జానెడు తేడాలో బయట. తొమ్మిదోది లోపల. పదోది వేస్తే ఏడు. బాగా తన్నాను, నా జన్మలో అంత బాగా తన్నలేదు. బెత్తెడు తేడాలో బయటికి పోయింది.

ఆదెమ్మ వేలు గాల్లో అలాగే ఉంది. నాకు ఏడుపు రాలేదు. నా కాలి మీద కోపం వచ్చింది.

అప్పుడు వచ్చినవాళ్లలో పెద్దాయన లేచి వచ్చి టేపు అడిగాడు. కుర్రవయసులో వాళ్ల ఊరి మ్యాచ్‌లకి రిఫరీగా ఉండేవాడట. ఆ బాదు నుంచి ఈ బాదుకి కొలిచి, మళ్లీ కొలిచి, ఎవరు చెప్పారు తొమ్మిదని అన్నాడు. వాళ్ల దేశంలో పెద్ద మ్యాచ్‌లకి పద్దెనిమిదిన్నరట.

అందరూ చెంచురామయ్య గారి వైపు తిరిగారు. నేను పరుగున వెళ్లి ఆయన స్కేలు పెట్టిన ఫొటో తెచ్చాను. పెద్దాయన చూసి నవ్వాడు. అది పక్క నుంచి తీసిన ఫొటో. వారగా చూస్తే ఏ గుమ్మమైనా ఇరుకే. బయటపడ్డ నాలుగింటిలో మూడు మాకైతే లోపలే, ఈమెవి తొమ్మిది అన్నాడాయన. కిక్కర్లు మరీ ఆరితేరారు, కర్రలు దగ్గరికి జరపాలని అక్కడ అనేవాళ్లున్నారట. మీరు ముందే జరిపేశారు అన్నాడు. హెడ్మాస్టరు గారు తెలుగు చేసి చెబుతుంటే నా గుండె ఇంత అయింది. ఇంత అని ఎలా రాయను.

ఆయనే మైకులో తొమ్మిది అని ప్రకటించారు. చప్పట్లు. నేను వెళ్లి మైకు తీసుకుని, ఆరు అన్నాను.

9 ఫిబ్రవరి, ఆదివారం

ప్రార్థన అయ్యి గుడి నుంచి వచ్చేసరికి చెంచురామయ్య గారు మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. క్షమించమనలేదు, ఒక కాగితం ఇచ్చారు. రెండు త్రిభుజాలు. దూరంలో సగం, వెడల్పులో సగం, కాబట్టి ఇరవై అయిదు గజాల నుంచి తొమ్మిది అడుగులూ, యాభై గజాల నుంచి పద్దెనిమిదీ గురికి ఒకటేనండి, బలం వాళ్లది, గురి మీది అన్నారు. యాభై నుంచి వాళ్లకి సగమే పోతాయని ఆయనే గుర్తు చేశారు. మీకు ఆరు పోయాయి అన్నారు.

కాగితం బైబిల్లో పెట్టుకున్నాను. సాయంత్రం హెడ్మాస్టరు గారు కబురంపారు, బాదులు ఉండనివ్వమని, బండ్లు చుట్టూ తిరిగి వస్తాయని.

10 ఫిబ్రవరి

పీకేశాను, నా చేతులతోనే. పందెం ఏడుకి, తొమ్మిది అడుగులకి. ఆదెమ్మ తాడు పట్టుకుంది గానీ మొహం అటు తిప్పుకుంది. మధ్యాహ్నానికి గ్రౌండంతా ఎర్రగా అయింది.

28 ఏప్రిల్

మిరపకాయలు ఎత్తేశారు. ఇవాళ బాదులు మళ్లీ పాతాం. టేపు ఆ కొస ఆదెమ్మ పట్టుకుంది.

ఎనిమిది అడుగులు.