ఇంటిపేరు లేనివాళ్ల బిజినెస్ క్లాస్

సెప్టెంబరు 3. సురబయ, హోటల్.

కాళ్లు వాచాయి. బకెట్లో వేడినీళ్లు పోసి, అందులో పాదాలు పెట్టుకుని రాస్తున్నాను.

జకార్తా, సురబయ, మకాసర్, మళ్లీ సురబయ. బిజినెస్‌లో ఎనిమిది సీట్లు. ఏ విమానంలోనైనా అదే తంతు. ఎక్కగానే జ్యూస్, వేడి తువ్వాలు, తర్వాత ఒకే ట్రేలో సూప్ నుంచి పండు దాకా అన్నీ. పెట్టిన చేత్తోనే తీసెయ్యాలి. మకాసర్ వెళ్తున్న బొగ్గు గనుల ఆసామి కాఫీ అడిగాడు. ఇచ్చి ఇటు తిరిగేసరికి దిగుతున్నామని గంట మోగింది. కప్పు దాదాపు లాక్కున్నాను. ఆయనే బల్ల మడిచేశాడు. పాపం, అలవాటుపడ్డ మనిషి.

తొమ్మిదేళ్లుగా ఈ క్యాబిన్‌లో చేస్తున్నాను. ఒక్కరంటే ఒక్కరు తీరిగ్గా భోంచేసి, తృప్తిగా మూతి తుడుచుకోవడం చూడలేదు.

దెస్నా ఫోన్ చేసింది. నా గదిలో ఉండే సుమత్రా పిల్ల, పదాంగ్ ఊరు, ఎకానమీలో చేస్తుంది. లిస్టు పెట్టారట. ఇంటర్నేషనల్ బిజినెస్ ట్రైనింగ్‌కి నా పేరుందట. అక్కా, ఈసారి కూడా సూప్ గిన్నె కోసం కుస్తీ పట్టావంటే నువ్వెవరో నాకు తెలీదని చెప్పేస్తా, అంది.

రెండేళ్ల కిందటి భాగోతం అది. టోక్యో విమానంలో నాకు పరీక్ష. సూప్ తాగుతున్నాయన ఊపిరి పీల్చుకోడానికి స్పూను కింద పెట్టాడు. నా డొమెస్టిక్ చెయ్యి ఊరుకుంటుందా, గిన్నె మీద పడింది. ఆయన అటు పట్టుకున్నాడు. నేనిటు పట్టుకున్నాను. ఫెయిల్.

ముప్పై అయిదు దాటితే ఇక పిలవరు. నాకు డిసెంబరులో దాటుతాయి. ఎవరడిగినా, ఆ, వస్తే వచ్చింది లేకపోతే లేదు అంటున్నాను. ఇక్కడెందుకు అబద్ధం? కావాలి. చాలా కావాలి.

సెప్టెంబరు 9. జకార్తా, ట్రైనింగ్ సెంటర్ నుంచి వచ్చాక.

డొమెస్టిక్, ఇంటర్నేషనల్, రెండింటి మీదా బిజినెస్ అనే రాసి ఉంటుంది. అక్షరాల సైజు కూడా ఒకటే. కానీ డొమెస్టిక్ సీటు కొంచెం వెనక్కి వాలే కుర్చీ, అంతే. ఇక్కడిది సాగి సాగి మంచం అవుతుంది. దానికి పరుపు, దుప్పటి, చెప్పులు. బల్ల మీద గుడ్డ పరవాలి. మెనూ పుస్తకం చేతికిచ్చి, వాళ్లు చదివేదాకా ఆగాలి. ఒక వంటకం అయ్యాకే ఇంకోటి. ఆగడమే ఇక్కడ ఉద్యోగం.

నేర్పేది, చివర విమానంలో పరీక్ష పెట్టేది ట్యూర్మా సిహోతాంగ్ మేడమ్. సుమత్రా కొండల బటాక్ తెగ మనిషి. ఆమె గుసగుస మా ఇంట్లో అరుపుతో సమానం. డొమెస్టిక్‌లో వచ్చేవాడు మీ అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి పోయే బాటసారి అట. ఇక్కడికొచ్చేవాడు మీ ఇంట్లో పక్కేసుకుని పడుకునే చుట్టమట. అరుగు మీద వాడి పేరు మనకెందుకే, కానీ ఇంట్లో పడుకున్నవాడి పేరు తెలీదంటే సిగ్గులేదూ, అంది.

అందుకని రూలు. డొమెస్టిక్‌లో అయ్యగారూ, అమ్మగారూ అంటే గడిచిపోతుంది. ఇక్కడ లిస్టులో చివర ఉన్న పేరుకి గారు చేర్చి, మనిషికి కనీసం మూడుసార్లు పిలవాలి. దిగడానికి బెల్టులు వేసుకోమనేలోపు పిలవాలి. లేదంటే సున్నా. ఎక్కడ ఒక్క సున్నా పడినా పాస్ లేదు.

చెయ్యెత్తాను. మేడమ్, మా జావా వాళ్లకి ఇంటిపేర్లుండవు, చాలామందికి ఉన్నదే ఒక్క పేరు, పాస్‌పోర్టుకి అది చాలదంటే తండ్రి పేరు తెచ్చి వెనక అతికిస్తారు అన్నాను. అతికించారో కుట్టారో నీకెందుకమ్మా, చివర ఏదుంటే అది పిలువు, అంది. బటాక్ వాళ్లు ఇంటిపేరు అడగందే కుర్చీ కూడా వెయ్యరు. ఆమె బాధ ఆమెది.

నా బాధ నాది. మా బడిలో పిల్లలు నిజంగా కొట్టుకోవాలనుకుంటే అమ్మనీ అక్కనీ తిట్టుకోరు. తండ్రి పేరు పెట్టి పిలుస్తారు, అంతే. ఇక జుట్టూ జుట్టూ పట్టుకోవడమే. పెద్దయ్యాక కూడా పెద్దల పేరు పైకి అనం. అలాంటిది ట్రే పట్టుకుని నవ్వుతూ తండ్రి పేరుతో పిలవాలట.

నాకూ ఒక్క పేరే కనక, రెండో గడిలోనూ అదే నింపి, నా కంపెనీ కార్డు మీద వెనింగ్ వెనింగ్ అని ఉంటుంది. ఒకసారి పిలిస్తే పలకవని వాళ్లకి ముందే తెలుసు అంటుంది దెస్నా.

సెప్టెంబరు 12.

ఈరోజు సూప్ గిన్నె జోలికి పోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

సెప్టెంబరు 21. ఆదివారం.

దెస్నా పరుపు మీద పడుకుని ప్రయాణికురాలి వేషం కట్టింది. కాలు మీద కాలేసుకుని, ఏమ్మా, మీ సూప్‌లో ఉప్పేదీ, మీ దుప్పటికి ముక్కిన వాసనేమిటీ, కిటికీ ఇంకొంచెం ఇటు జరపలేవూ అని ప్రాణం తీసింది. అన్నింటికీ తప్పకుండా మేడమ్ అన్నాను. కిటికీకి కూడా. చివరున్న వంశం పేరుతో మూడుసార్లు పిలిచాను. ఈ గది మన ముగ్గురికీ చాలదు అక్కా, నువ్వు, నేను, మా అమ్మ వంశం, అంది. వాళ్లది తల్లి వైపు నుంచి వచ్చే వంశం. పిలవడం ఎంత సులువో. నోటికేమీ అడ్డురాలేదు.

పరీక్ష అక్టోబరు అయిదున. జెద్దా విమానం.

అక్టోబరు 5. జెద్దా, హోటల్. సాయంత్రం.

మొదటి నుంచీ వరసగా రాయాలి. లేకపోతే కోపంలో కలగాపులగం చేసేస్తాను.

పొద్దున బయల్దేరాం. మక్కాకి పోయే ఉమ్రా యాత్రికులతో వెనక క్యాబిన్ కిటకిట. ముందు నా వైపు ముగ్గురే. హరహాప్ గారు, బటాక్ ఆయన. బావజీర్ గారు, అరబ్బు మూలాల వ్యాపారి. ఆ ఇద్దరివీ ఇంటిపేర్లే, పిలిస్తే పలుకుతారు. కిటికీ పక్కన మూడో ఆమె. లిస్టులో సుకినెం మంగున్‌రెజో. మా జావాలోనే, క్లాటెన్ ఊరు.

చూడగానే తెలిసిపోయింది. సుకినెం ఆమె. మంగున్‌రెజో ఆమె తండ్రి.

డెబ్బై దాటిన మనిషి. గీతల నేతబట్ట కట్టుకుంది. సొంత మగ్గాలున్నాయట. మోకాలు ముడవదు, కాలు చాపుకునే చోటు చూడు నాయనా అని ఏజెంటుకి చెప్తే ఇక్కడ పడేశాడట. కాలు చాపుకుంటానన్నాను గానీ సంసారం పెడతానన్నానా ఇందులో, అని సీటంతా తడిమి చూసుకుని నవ్వింది.

జ్యూస్ ఇస్తూ నోరు తెరిచాను. మంగున్ దాకా వచ్చి గొంతులోనే ఆగింది. మా అమ్మకన్నా పెద్ద వయసు. ఆ వయసు మనిషిని బడిపిల్లల్లా తండ్రి పేరు పెట్టి పిలవడమా? మోకాళ్ల మీద కూర్చుని, అవ్వా, జ్యూస్ తీసుకోండి అన్నాను. వెనకాల ట్యూర్మా మేడమ్ పెన్ను చప్పుడు వినపడింది. తర్వాత పిలుద్దాంలే అనుకున్నాను. ఇంకా చాలా దూరం ఉంది కదా.

సూప్ పెట్టాను. ఆమె ఒక్కో స్పూనూ ఊదుకుని తాగింది. మధ్యలో ఆపి మబ్బుల్ని చూసింది. సంచీలోంచి వేరుశనగ అప్పడం తీసి నంజుకుంది. నాకూ ఒకటిచ్చింది. మళ్లీ తాగింది. నేను ఆగాను. చెయ్యి ఒక్కసారి కూడా దురద పెట్టలేదు. గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, మీ వంటవాడిది మంచి చెయ్యి పిల్లా, అంది. నాకు కళ్లు తడిసినంత పనైంది. తొమ్మిదేళ్లకి ఒక మనిషి నా ముందు భోజనం పూర్తి చేసింది.

పక్క వేశాక పేచీ వచ్చింది. సీటు మంచమైంది. ఆమె పడుకోదు. విమానం ఎటు పోతోంది అంది. మక్కా వైపే అవ్వా అన్నాను. మరి కాళ్లెటు పెట్టమంటావు అంది.

నిజమే. పడుకుంటే పాదాలు విమానం ముక్కు వైపు, అంటే తిన్నగా మక్కా వైపు. డొమెస్టిక్ కుర్చీలో ఈ సమస్యే రాదు. తల అటు పెడదామంటే కాళ్లు దూరే సందులో తల పట్టదు. ట్యూర్మా మేడమ్ కూడా తలగోక్కుంది. ఆమె క్రైస్తవురాలు, ఆమె పుస్తకంలో దీనికి రూలు లేదు. చివరికి అవ్వే తీర్పు చెప్పింది. నా మోకాలి సంగతి పైనున్న ఆయనకి తెలీనిదా, ఇచ్చినవాడు ఆయనేగా, అని కాళ్లు చాపి హాయిగా నిద్రపోయింది.

ఈ లోపల హరహాప్ గారూ, నీళ్లు కావాలా. బావజీర్ గారూ, దిండు సర్దనా. నోరారా పిలుస్తూనే ఉన్నాను. అవ్వ దగ్గరికి వచ్చేసరికి అవ్వా. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. ఇక్కడైనా నిజం రాయాలి కదా, గర్వంగా కూడా అనిపించింది. పరీక్ష పోతే పోయింది, మర్యాద దక్కించుకున్నాను అనుకున్నాను.

టీ ఇచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. పిల్లా, ఓ మాటడుగుతా ఏమీ అనుకోకు, ముందాయన్ని హరహాప్ గారూ అన్నావు, పక్కాయన్ని బావజీర్ గారూ అన్నావు, అవి వాళ్ల నాన్నల పేర్లే కదా, అంది. అలాంటివే అవ్వా అన్నాను. నా కాయితం మీద కూడా మా నాన్న పేరు అచ్చేశారే, నీ కాయితంలో పడలేదా, అంది.

పడింది అవ్వా, మీరు బాధపడతారని పిలవలేదు అన్నాను.

ఆమె టీ కప్పు పక్కన పెట్టింది. మా నాన్న చెరుకు బండి తోలేవాడు అంది. ఫ్యాక్టరీ దొరా, గుమాస్తా, ఆఖరికి కాటా దగ్గర పిల్లకాయ కూడా ఒరేయ్ మంగున్ అన్నవాళ్లే. గారు అన్నవాణ్ణి నేను చూడలేదు. పిల్లలు ఆ పేరుతో నన్ను ఏడిపిస్తే ఇంటికొచ్చి ఆయన మీదే అలిగేదాన్ని. మక్కా చూడాలని ఆయనకి ఉండేది. ఇందాక నువ్వు వాళ్లని పిలుస్తుంటే విని, ఓహో, ఇక్కడ నాన్న పేరుకి గారు పెడతారు కాబోలు, నా వంతు కూడా వస్తుందని పొద్దుటి నుంచీ చూస్తున్నా, అంది.

గంట మోగింది. బెల్టులు. ట్యూర్మా మేడమ్ వచ్చి, వెనింగ్, సీటుకి పో అంది. ఆమె పెన్ను మూత అప్పటికే పెట్టేసింది.

తలుపు తెరిచాక ఒక్కొక్కరే దిగుతున్నారు. అవ్వ కర్ర పోటేసుకుంటూ వచ్చింది. పరీక్ష అయిపోయింది. అయినా క్యాబిన్ అంతా వినపడేలా అన్నాను. మంగున్‌రెజో గారూ, వెళ్లి రండి.

ఆమె ఆగింది. నన్ను కాకుండా తన పక్కన ఎవరో ఉన్నట్టు అటు చూసింది. తర్వాత కొంగు సర్దుకుని, నిటారుగా నడిచి వెళ్లింది. ఆ మోకాలితో.

హోటల్ వ్యాన్‌లో ట్యూర్మా మేడమ్ చెప్పేసింది. దాచుకునే రకం కాదు. సూప్‌కి పూర్తి మార్కులట. పక్క వెయ్యడానికి పూర్తి మార్కులట. పేరుకి సున్నా. తలుపు దగ్గర పిలిచింది లెక్కలోకి రాదు. పేరు పిలవడం మా బటాక్ వాళ్ల గౌరవం, పేరు దాచడం మీ జావా వాళ్ల గౌరవం, ఆ ముసలావిడకి ఏది గౌరవమో ఇద్దరిలో ఒక్కరం అడిగామా, అంది. నేను రూలు చూశా, నువ్వు నీ మనసు చూసుకున్నావు, ఆవిడ మొహం ఎవరు చూశారే, అంది. అరవలేదు. అదే తట్టుకోలేకపోయాను. అరిచి ఉంటే ఎదురు చెప్పేదాన్ని.

గదికొచ్చి ఏడ్చాను. ఉద్యోగం కోసం సగం. రోజంతా ఒక ముసలావిడని ఆశగా కూర్చోబెట్టినందుకు సగం. తర్వాత ఆకలేసింది.

అక్టోబరు 6. తిరుగు విమానం.

ఎకానమీలో, టాయిలెట్ పక్క సీటు. ఇక్కడ ఎవరినీ ఏ పేరుతోనూ పిలవరు.

అక్టోబరు 9. జకార్తా.

దెస్నా నన్ను చూసి వేళాకోళం చెయ్యలేదు. అంటే నా మొహం బాగా చెడి ఉండాలి. గుడ్లు కారం పెట్టి వండింది. అక్కా, మేడమ్‌ని బతిమాలుకో, తలుపు దగ్గర పిలిచావుగా, తలుపు దాకా విమానమే కదా, అంది. బతిమాలను. ఆమె వేసిన సున్నా సరైన సున్నా. ఎంత సరైనదైనా సున్నా సున్నాయే, మంట పుడుతూనే ఉంది.

ఎనిమిది సీట్ల క్యాబిన్‌కి కొత్త డ్యూటీ రోస్టర్ కాయితం వచ్చింది. సెమరాంగ్, సురబయ, మకాసర్. దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. ఎందుకో తెలీదు.

అక్టోబరు 20. సెమరాంగ్.

ఈ క్యాబిన్‌లో పేరుతో పిలవమని రూలు లేదు. పిలవొద్దనీ లేదు. జ్యూస్ ఇచ్చేటప్పుడు ముందు వరసలో ఉన్నాయన్ని అడిగాను, మిమ్మల్ని ఏమని పిలవమంటారు అని. పెద్ద ఆఫీసరు. కళ్లద్దాలు తీశాడు. ఆలోచించాడు. ట్రే పెట్టాను, తీశాను, గంట మోగింది, నేల తగిలింది, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. దిగేటప్పుడు మిగతావాళ్లని ముందు పోనిచ్చి, తలుపు దగ్గర వంగి, తనని ఏమని పిలవాలో నా చెవిలో చెప్పాడు.