ఊడ్చిన దారి

మార్కాపురం,
12-2-1938

గిద్దలూరులో ఉన్న మామయ్యకు మేనల్లుడి నమస్కారాలు.

మీరు చెప్పిన ఉపాయం పనిచేసింది. నంద్యాల నుంచి వస్తూ ఘాటురోడ్డు దిగేముందు సైకిలు వెనక పెద్ద తుమ్మకొమ్మ కట్టుకున్నాను. బ్రేకులు సరిగా పట్టకపోయినా, అది దుమ్ములో ఈడ్చుకుంటూ వస్తుంటే నెమ్మదిగా దిగగలిగాను. కిందికొచ్చాక కొమ్మను పొదల్లో పారేశాను.

ఏటి దగ్గర గోవిందమ్మ అనే ఆవిడ ఎదురైంది. తప్పిపోయిన చూడి ఆవును జాడ పట్టి వెతుకుతోంది. "రోడ్డెక్కినాక గిట్టల గుర్తే లేదు నాయనా. ఎవురో ఊడ్చినట్లుంది. పైకి పోయిందో, కిందికి దిగిందో ఎట్ల తెలిసేది? నీకేమన్నా కనపడిందా?" అంది.

కొండ మీద కొమ్మ కట్టేటప్పుడు, ఒంటి ఆవు గిట్టలు ఎడమవైపు లోయలోకి తిరగడం చూశాను మామయ్యా. ఆ మాట చెబితే ఊడ్చింది నేనేనని బయటపడుతుంది. కనపడలేదన్నాను.

ఇసుకలో సైకిలు కూరుకుపోతుంటే ఆవిడే వెనక పట్టి ఏరు దాటించింది. "పులి తిరిగే తావు, పొద్దుండంగనే ఊరు చేరుకో" అని నన్ను పంపి, తాను ఏటి వెంబడి కిందికే వెతుక్కుంటూ పోయింది. నేను చూస్తూ నిలబడ్డాను.

ఘాటు కింద ఆవిడ పల్లెకు మనిషిని పంపి కనుక్కోండి. ఆవు దొరికి ఉంటే నా ఊసు ఎత్తనక్కర్లేదు. దొరక్కపోతే మాత్రం, ఆవు ఎటు తిరిగిందో, దారి ఊడ్చింది ఎవరో ఆవిడకు చెప్పండి.