వేదిక కింద స్టాండు

ఆదివారం రాత్రి, హాస్టల్

దర్శి దగ్గర చర్చిలో ఈ రోజు నా మొదటి ప్రసంగం. పాస్టర్ చదువు చదివే సెమినరీలో నెలంతా సిద్ధపడ్డాను. తీరా లేచేసరికి పాస్టర్ గారు మైకు తీసుకుని, "మన సిస్టర్ ఇప్పుడు సాక్ష్యం చెప్తారు" అన్నారు. పాటల స్టాండు తెప్పించి వేదిక కింద పెట్టించారు. ఆ సంఘంలో ఆడవాళ్లు ప్రసంగించకూడదట, సాక్ష్యమైతే, అంటే దేవుడు తమకు చేసిన మేలైతే, చెప్పొచ్చట.

రాసుకున్న ప్రసంగం మొత్తం ఆ కిందే నిలబడి చెప్పేశాను. వెనక ఆడవాళ్లు ఏడ్చారు. వారమంతా మిరపకాయలు కోసిన చేతులు కదా, కళ్లకు తగలనివ్వకుండా భుజాలకే తుడుచుకున్నారు. ఇంటి దగ్గర మా అమ్మా అంతే చేస్తుంది.

భోజనాల దగ్గర పాస్టర్ గారే మెల్లగా, "ప్రసంగం బాగుందమ్మా" అన్నారు. మరి పొద్దున మైకులో ఆ 'ప్రసంగం' అనే మాట ఎందుకు రాలేదు? రేపు క్లాసులో సార్ అడిగితే నేనేం చేసొచ్చానని చెప్పాలి?

అది కాదు నిద్ర పట్టనివ్వనిది. ఏడ్చినవాళ్లలో మార్తమ్మ గారు బస్సు దాకా వచ్చి, "చదువయ్యాక ప్రభువు బల్ల కూడా నువ్వే ఇస్తావా అమ్మాయ్? నీ చేతి రొట్టె తినాలనుంది" అన్నారు. ఆ బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచేది పాస్టర్లే.

అడిగేటప్పుడు ఆవిడ నవ్వలేదు. నేనే నవ్వేసి బస్సెక్కాను.