ఒక విద్యార్థికి ఒక్కటే

జూన్ 3, మంగళవారం

కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది. ఆఖరి పేపరు ఈసారి హాల్లో కాదట, ఇంటి నుంచే రాయాలట, కంప్యూటర్ మీద. ఫోన్ పనికిరాదు. కెమెరా, మైక్, 8 జీబీ రామ్ ఉండాలి. 24వ తేదీలోగా సిస్టమ్ చెక్ పాసవ్వాలి. పాసవ్వకపోతే హాల్ టికెట్ రాదు. పరీక్ష 29న.

రెండేళ్ళుగా దూరవిద్యలో స్టాటిస్టిక్స్ డిప్లొమా చదువుతున్నాను. నాకు నలభై తొమ్మిదేళ్ళు. పాఠాలన్నీ వంటగదిలో ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి పెట్టుకునే విన్నాను. ఇంట్లో దీన్ని చదువు అనరు. నీ కాలక్షేపం ఎంతవరకు వచ్చింది అంటారు.

ఆయనతో చెప్పాను. నెట్ సెంటర్లో కూర్చుని రాసేస్తే పోలా అన్నారు. అక్కడ పరీక్ష సాఫ్ట్‌వేర్ ఎక్కించనివ్వరు, ఫోన్ చేసి కనుక్కున్నాను. అయితే ఈ ఏడాదికి మానెయ్, వచ్చే ఏడాది చూద్దాంలే అన్నారు, పేపర్లోంచి తలెత్తకుండా.

మానను.

జూన్ 4, బుధవారం

మా భవనం సంఘం లెక్కలు ఏడేళ్ళుగా నేనే రాస్తున్నాను. దానికిచ్చే డబ్బు నా ఖాతాలో విడిగా ఉంది. అందులోంచి నలభై అయిదు వేలు. దాటేది లేదు.

నాలుగు గడులు గీసుకున్నాను. మోడల్, అసలు ధర, స్టూడెంట్ డిస్కౌంట్, వారంటీ. గడులు గీస్తే సగం పని అయిపోయినట్టుంటుంది నాకు.

జూన్ 5, గురువారం

మెయిన్ రోడ్డు మీది పెద్ద షాపుకి వెళ్ళాను. అద్దాల మీద స్టూడెంట్ ఆఫర్ పది శాతం అని నా ఎత్తు అక్షరాలు.

సేల్స్ కుర్రాడు ఎదురొచ్చి, ఆంటీ, బాబుకా పాపకా అన్నాడు. నాకే అన్నాను. నవ్వాడు, మర్యాదగానే. స్టూడెంట్ కూడా రావాలి ఆంటీ, ఐడీ చూడాలి అన్నాడు. వచ్చింది అన్నాను. నా భుజం మీంచి తలుపు వైపు చూశాడు. కార్డు తీసి గాజు బల్ల మీద పెట్టాను. ఫోటో చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. అక్కణ్ణుంచి మేడమ్ అయ్యాను.

ధర 51,700. పది శాతం పోను 46,530. వెంటనే బిల్లు కొట్టేస్తా మేడమ్, ఇంతకంటే తక్కువ ఎక్కడా రాదు అన్నాడు.

సంచీలోంచి పాంప్లెట్ తీశాను. పాంప్లెట్లు నేను పారెయ్యను, వెనక తెల్లగా ఉంటే లెక్కలు చేసుకోవడానికి పనికొస్తాయి. ఇది మే 11న ఈ షాపువాళ్ళే పంచింది. ఇదే మోడల్, ఏ డిస్కౌంటూ లేకుండా, దారిన పోయే ఎవరికైనా 46,500. అంటే చదువుకుంటున్నందుకు నాకు ముప్ఫై ఎక్కువ పడుతోంది, అదెందుకో చెప్పు నాయనా అన్నాను.

సీనియర్‌ని పిలిచాడు. సీనియర్ పాంప్లెట్‌ని అటూ ఇటూ తిప్పి, వెనక నేను గీసుకున్న గ్రాఫులు చూసి, మీరు ఎదుటి షాపు తరఫున వచ్చారా అని అడిగాడు. లేదు, వంటింట్లోంచి వచ్చాను అన్నాను.

జూన్ 6, శుక్రవారం, మధ్యాహ్నం

కంపెనీ వాళ్ళ సొంత సైటు దొరికింది. అదే మోడల్ 48,000. స్టూడెంట్‌కి పన్నెండు శాతం పోను 42,240. పైగా రెండేళ్ళ వారంటీ అదనం. నా గడుల్లో దీనికే మొదటి స్థానం. జూన్ 20 ఆఖరు. ఒక విద్యార్థికి ఏడాదికి ఒక్క కంప్యూటరే.

ఫోన్లోనే ఫారం నింపాను. కాలేజీ పేరు ఉంది, కోర్సు ఉంది. పుట్టిన ఏడాది నొక్కితే జాబితా తెరుచుకుంది. వేలితో కిందికి తోస్తూ పోయాను. నేను పుట్టిన తొమ్మిదేళ్ళ తర్వాతే ఆగిపోయింది. అంతకు ముందు పుట్టినవాళ్ళు చదువుకుంటారని వాళ్ళకి తట్టలేదు. మూడుసార్లు తోశాను.

కస్టమర్ కేర్ అమ్మాయి, ఏదో ఒక ఇయర్ పెట్టెయ్యండి మేడమ్, ఎవరు చూస్తారు అంది. కార్డు మీద ఒక ఏడాది, బిల్లు మీద ఒక ఏడాది ఉంటే రేపు రిపేరొచ్చినప్పుడు మీరే చూస్తారు అన్నాను. హోల్డ్‌లో పెట్టింది. పద్నాలుగు నిమిషాల సంగీతం. తర్వాత కార్డు తీసుకుని షోరూమ్‌కి వెళ్తే మేనేజర్ స్వయంగా చూసి ఓకే చేస్తారంది. ఆ మాట మెయిల్లో పంపమన్నాను. పంపింది.

నా వయసు తగ్గించుకుని ఏదీ కొనను. చీర కూడా.

జూన్ 8, ఆదివారం

మరిది భోజనానికి వచ్చాడు. అతనికి వీడియో స్టూడియో ఉంది, ప్రకటనలు తీస్తాడు. ఆయన నా కంప్యూటర్ సంగతి నవ్వులాటగా చెప్పారు. మరిది నవ్వలేదు. ముద్ద చేతిలో పట్టుకునే, ఎంత శాతం వదినా అన్నాడు.

అతనికీ కొత్తది కావాలట, ఎడిటింగ్‌కి. లక్షా అరవై వేలది. చెయ్యి కడుక్కొచ్చి ఫోన్లో లెక్క కట్టి మా ఇద్దరికీ చూపించాడు. నీదాని మీద పన్నెండు శాతం అంటే 5,760. నాదాని మీద పన్నెండు శాతం అంటే 19,200. ఒక్కసారే దొరికే డిస్కౌంట్‌ని చిన్నదాని మీద తగలేస్తారా ఎవరైనా? నీ కార్డు మీద నాది కొందాం. నా పాతది నీకు ఊరికే ఇచ్చేస్తా. మూడేళ్ళే అయింది, గుర్రంలా పరిగెడుతుంది. నీకు ఒక్క పైసా ఖర్చు లేదు, నాకు 19,200 మిగులు. లెక్కలు చదివేదానివి, నీకు నేను చెప్పాలా అన్నాడు.

ఆయన మొహం వెలిగిపోయింది. మా తమ్ముడి బుర్రే బుర్ర అన్నారు.

చూద్దాం అన్నాను.

చూద్దాం అంటే సరే అని ఇద్దరూ లేచిపోయారు. వాళ్ళని అనేందుకు లేదు. ఇరవై ఆరేళ్ళుగా నేను చూద్దాం అన్నదల్లా సరే అయింది.

జూన్ 9, సోమవారం

లెక్క నేనూ వేశాను. రెండు విధాలుగా వేశాను. మరిదే రైటు.

జూన్ 10, మంగళవారం

అడక్కుండానే పాతది తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టి వెళ్ళాడు. తెరిస్తే అతని ఫోటో, నల్ల కళ్ళద్దాలతో. పరీక్ష సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే పాస్‌వర్డ్ అడిగింది. ఫోన్ చేశాను. షూటింగులో ఉన్నానన్నాడు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. మూడోసారికి, సాయంత్రం వచ్చి నేనే కొట్టిస్తాలే అన్నాడు.

ఆరింటికి వచ్చాడు. ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని కొట్టాడు. నాకు వేరే అకౌంట్ పెట్టివ్వమంటే, అన్నీ కలగాపులగం అవుతాయి వదినా, దీంతోనే కానియ్యి అన్నాడు. స్టూడియో అని రాసున్న ఫోల్డర్ల జోలికి పోకు, కావలసినప్పుడు వచ్చి తీసుకుంటా అన్నాడు. కొత్తది ఎప్పుడైనా మొరాయిస్తే రెండ్రోజులు దీన్ని పట్టుకెళ్తా, ఏమనుకోకు అన్నాడు. ఏమనుకుంటుందిరా, ఇంట్లోవాళ్ళమే కదా అన్నారు ఆయన. నా బదులు.

సిస్టమ్ చెక్ నడిపాను. కెమెరా ఓకే. మైక్ ఓకే. రామ్ ఓకే. అన్నీ పచ్చ టిక్కులే.

పాసవ్వకపోతే బాగుండునని లోపల కోరుకున్నాను. వద్దనడానికి ఒక కారణం దొరికేది.

జూన్ 11, బుధవారం

కారణం లేకుండా వద్దనకూడదా? అంట్లు తోముతూ ఇదే, బట్టలు ఆరేస్తూ ఇదే.

జూన్ 12, గురువారం

మా అమ్మాయి ఉద్యోగం చేసే ఊరి నుంచి ఫోన్ చేసింది. వాళ్ళ నాన్న ముందే చెప్పేసినట్టున్నారు. తీసేసుకో అమ్మా, ఊరికే వస్తుంటే గొడవెందుకు, బాబాయ్ మూతి ముడుచుకుంటే ఆర్నెల్లు విప్పడు అంది. నవ్వింది. ఇంతకీ పరీక్ష దేంట్లో అంది.

రెండేళ్ళు. దేంట్లో అంది.

దాని మీద కోపం రాలేదు. దేంట్లోనో వివరంగా చెప్పాను. నమూనాలు ఎలా తీస్తారో, అందరినీ అడక్కుండా కొందరిని అడిగి అందరి సంగతీ ఎలా చెప్పొచ్చో, ఆ చెప్పడంలో ఎంత తప్పుండొచ్చో ముందే ఎలా లెక్కకడతారో. పదకొండు నిమిషాలు. మధ్యలో ఒక్కసారి కూడా ఊఁ అనలేదు. పెట్టేసిందేమో అనుకున్నాను. చివర్లో, నువ్వు ఇంతసేపు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదమ్మా అంది.

జూన్ 14, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

షోరూమ్‌కి ఒక్కదాన్నే వెళ్దామని పదింటికి బయల్దేరాను. ఆయన చెప్పులేసుకున్నారు. కింద మరిది బండి ఆపుకుని ఉన్నాడు. అన్నదమ్ములు నిన్ననే మాట్లాడుకున్నారు. మరిది తనదాన్ని బుక్ కూడా చేశాడు, అడ్వాన్సు కట్టి. విద్యార్థి వివరాలు అన్నచోట నా పేరు రాసిచ్చాడు.

మేనేజర్ నా వయసావిడే, కళ్ళజోడు గొలుసుకి వేలాడుతోంది. నేను మెయిల్ చూపించాను. పుట్టిన ఏడాది సంగతి చదివి, ఆ జాబితా నన్నూ ఒప్పుకోదండీ అంది. కార్డు అడిగింది. తీశాను. ఆవిడ చెయ్యి చాచేలోపు పక్కనుంచి మరిది చెయ్యి చాచాడు, ఇలా ఇవ్వు వదినా, నేను మాట్లాడతా అంటూ.

కార్డుని బల్ల మీద బోర్లించి మీద అరచెయ్యి పెట్టాను.

ఏ మోడల్ అండీ అంది ఆవిడ. ముగ్గురం ఒకేసారి చెప్పాం. వాళ్ళిద్దరిదీ ఒకటి, నాది ఒకటి.

మరిది నవ్వేసి, వదిన కన్‌ఫ్యూజ్ అవుతోంది మేడమ్ అన్నాడు. ఆయన నా చెవి దగ్గరకొచ్చి, నలుగురిలో ఏమిటిది, లెక్క నీకూ తెలుసుగా అన్నారు.

తెలుసన్నాను. లెక్క మరిదిదే సరైనదన్నాను, రెండుసార్లు వేసి చూశానన్నాను. నాదాని మీద 5,760 మిగులు, తనదాని మీద 19,200 మిగులు, పాతది చెక్ కూడా పాసైంది, దానికీ వంక లేదు. అయినా ఇవ్వను అన్నాను.

ఎందుకు అన్నాడు మరిది. నిజంగానే అర్థం కాక అడిగాడు, పాపం. ఎందుకో చెప్పమంటే అక్కడ చాలా చెప్పొచ్చు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు అడ్డం పెట్టిన చెయ్యి గురించి చెప్పొచ్చు. చెప్తే దానికో సర్దుబాటు చూపిస్తాడు. దీనికో సర్దుబాటు, దానికో సర్దుబాటు, చివరికి నేను చూద్దాం అంటాను. అందుకని చెప్పలేదు. ఇది చదువుకునేవాళ్ళకిచ్చే డిస్కౌంటు, ఇక్కడ చదువుకుంటున్నది నేను అన్నాను. అంతే అన్నాను.

పరాయిదానిలా మాట్లాడుతున్నావు అన్నారు ఆయన.

మేనేజర్ ఎవరి వైపూ చూడలేదు. సంతకం స్టూడెంట్‌ది కావాలండీ అని కాగితం తిప్పి నా ముందుకి జరిపింది. పెట్టాను. గీత దాటలేదు.

మరిది బండి ముందే వెళ్ళిపోయింది. ఆయన దానిమీదే వెళ్ళారు. పెట్టెని ఒళ్ళో పెట్టుకుని నేను బస్సులో వచ్చాను. నిలబడ్డవాళ్ళలో ఒకాయన సామాను కింద పెట్టుకోవచ్చు కదమ్మా అన్నాడు. పెట్టనన్నాను.

జూన్ 15, ఆదివారం

పదమూడు వేల నాలుగువందల నలభై నీళ్ళపాలు చేశావని ఆయన పొద్దున్నించి మూడుసార్లు అన్నారు. నిజమే. ఖర్చుల పుస్తకం తీసి ఎర్ర సిరాతో రాశాను. 19,200లోంచి 5,760 పోను 13,440. ఎవరి కోసం అన్న గడిలో, ఇంటి కోసం అనో ఆయన కోసం అనో అమ్మాయి కోసం అనో రాస్తుంటాను ఎప్పుడూ. ఆ గడిలో నా కోసం అని రాశాను. వెనక్కి తిప్పి చూస్తే ఈ పుస్తకం మొత్తంలో ఆ మాట ఇంకెక్కడా లేదు.

పుస్తకం తెరిచే ఉంచాను. చూశారు.

జూన్ 17, మంగళవారం

మరిది పాతదాన్ని వచ్చి తీసుకుపోయాడు. మంచినీళ్ళిస్తే వద్దన్నాడు.

ఆయన నాతో మాట్లాడ్డం లేదు, గోడతో మాట్లాడుతున్నారు. నీలం చొక్కా ఇస్త్రీ కాలేదని గోడకి చెప్పారు. గోడ కదల్లేదు. నేను సగటు, విచలనం అయిదో పాఠం చేసుకుంటున్నాను.

జూన్ 19, గురువారం

నీలం చొక్కా ఆయనే ఇస్త్రీ చేసుకున్నారు. కాలర్ వదిలేశారు.

జూన్ 21, శనివారం

మరిది వేరే షాపులో బేరమాడి కొనేశాడట. ఎనిమిది శాతం తగ్గించారట. ఆయన చెప్పారు, గోడకి కాదు, నాకే. నేనివ్వకపోయినా స్టూడియో ఆగలేదు. మంచిదేగా అన్నాను. మంచిదే అన్నారు. వాడు నీ గురించి ఏమన్నాడో తెలుసా అన్నారు. అక్కర్లేదన్నాను.

జూన్ 23, సోమవారం

సిస్టమ్ చెక్ పాస్. పాస్‌వర్డ్ నేనే కొట్టాను. హాల్ టికెట్ వచ్చింది.

జూన్ 29, ఆదివారం, ఉదయం 9.40

పరీక్షవాళ్ళు కెమెరాతో నాలుగు మూలలూ చూపించమన్నారు. మంచం కింద కూడా. గదిలో మీరు కాక ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు. ఉన్నారు, నిద్రపోతున్నారు. ఆయన్ని లేపి పంపాను. తలగడ పట్టుకుని వెళ్ళారు.

రాసి ఉన్న కాగితం ఏదీ లోపల ఉండకూడదట. ఈ డైరీ కూడా. బయట పెట్టి గడియ వేసుకుంటాను. ఎవరైనా చదివితే చదవనీ.